మూలలు కలిపిన మరిది

మా మరిదికి నేను పెట్టిన పేరు హడావిడి. చేతిలో ముద్ద నోటికి వెళ్లకముందే కాలు చెప్పులు వెతుక్కునే రకం. చదువు సగంలో వదిలేశాడు. ఫొటో స్టూడియోలో చేరి మానేశాడు. కొరియర్ పనిలో చేరి బండి పాడుచేసుకున్నాడు. చివరికి నేమ్‌ప్లేట్లు, స్టిక్కర్లు చేసే షాపులో కంప్యూటర్ ముందు కుదురుకున్నాడు. నేను చెబుతుంటే ఇదంతా మా ఆయన రాసిపెడుతున్నారు. తమ్ముడి మీద వేళాకోళాలు మింగేస్తారేమోనని మధ్యమధ్యలో చదివించుకుని వింటున్నాను.

నేను పెద్ద ఆసుపత్రిలో విచారణ కౌంటర్లో పనిచేసేదాన్ని. ఎక్స్‌రే ఎటు, రక్తపరీక్ష ఎక్కడ అని అడిగినవాళ్లకు దారి చెప్పడమే ఉద్యోగం. ఉన్నట్టుండి చూపు మసకబారడం మొదలై, చూస్తుండగానే పూర్తిగా పోయింది. సెలవు ముగిసి మళ్లీ చేరతానంటే సూపరింటెండెంటు ఇబ్బందిపడుతూ చెప్పారు.

"మీరు లేనప్పుడు కింది అంతస్తంతా మార్చి కట్టారమ్మా. గదులు అటూ ఇటూ అయ్యాయి. సోమవారం వచ్చి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరిగి చూపించండి. కుదిరితే సీటు మీదే. లేదంటే ఇంకొకరిని పెట్టుకోక తప్పదు."

మంచి మనిషే, ఆయన్ని అనడానికేం లేదు. ఇంటికొచ్చి భోరున ఏడ్చాను. ఆ కుర్చీ అంటే నాకు ప్రాణం.

మరిది నన్ను ఓదార్చలేదు. టేపు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లి, నర్సులచేత చీవాట్లు తిని, గదులన్నీ కొలుచుకొచ్చి షాపు కంప్యూటర్లో బొమ్మ గీశాడు. గీతలు తప్ప మిగతాదంతా లేజర్ మెషిన్‌తో చెక్కితే, పళ్లెమంత పలక మీద గోడలు ఉబ్బెత్తుగా మిగిలాయి. గోడ మధ్యలో ఖాళీ తగిలితే అది గుమ్మం. వేలితో తడుముకుంటూ దారి నేర్చుకోవాలన్నమాట.

షాపులోనే పలక ఒళ్లో పెట్టుకుని వల్లించడం మొదలుపెట్టాను. "కౌంటర్ దాటి కుడివైపు గోడ పట్టుకుని వెళ్తే మెట్లు. మెట్ల పక్క గుమ్మంలోంచి మందుల గదిలోకి..."

"ఆగాగు వదినా. అక్కడ గుమ్మం ఎక్కడిది? అది గోడ."

"నా వేలికి ఖాళీ తగులుతుంటే గోడంటావేంటి?"

అతను కంప్యూటర్లో చూశాడు. కలిసే ఉందన్నాడు. బొమ్మను పెద్దది చేసుకున్నాక మాత్రం గొంతు మారింది. "అయ్యో, రెండు గీతల కొసలూ విడిగా ఉన్నాయి వదినా."

ఆ సాఫ్ట్‌వేర్లో స్నాప్ అని ఒకటి ఉందట. ఒక గీత చివరి చుక్కను ఇంకో చుక్క దగ్గరికి తెస్తే, అయస్కాంతానికి గుండుసూది అతుక్కున్నట్టు వెళ్లి సరిగ్గా దాని మీదే కూర్చుంటుందట. మావాడు దాన్ని ఆపేసి కంటి అంచనాతో కలిపేవాడు. స్టిక్కర్లో ఆ కాస్త సందు ఎవరికీ పట్టదు, పట్టినా బ్లేడుతో సర్దేయొచ్చు. నా పలకలో అది ఏకంగా గుమ్మమైపోయింది. నమ్ముకుని వెళ్లి ఉంటే సూపరింటెండెంటు కళ్లెదుటే గోడకు నుదురు కొట్టుకునేదాన్ని.

"వదిన పీడ విరగడ చేసుకుందామనుకున్నావా?" అన్నాను.

నవ్వలేదు. "మళ్లీ గీస్తాను వదినా, మొదటినుంచీ" అన్నాడు.

స్నాప్ పెట్టుకుని, ఒక్కో మూలా పెద్దది చేసి చూసుకుంటూ చుక్క మీద చుక్క కూర్చోబెట్టాడు. ఒకసారి దాని జోరు ఎక్కువై బాత్రూమ్ గుమ్మం వెళ్లి మెట్లకు అతుక్కుంది. దాన్ని తిట్టి, లాగే దూరం తగ్గించుకున్నాడు. వరండా గుమ్మాలన్నీ ఒకే వరసకు సర్దాడు, కొలతలు చూసుకుని రక్తపరీక్ష గదిది నిజంగానే లోపలికి ఉందని దాన్నొక్కదాన్నీ వెనక్కి జరిపాడు. యజమాని వచ్చి వేరే పనులు గుర్తుచేస్తే "కాసేపాగండి సార్" అన్నాడు. పక్కన కూర్చుని ఆ మౌస్ చప్పుళ్లు వింటుంటే నా కడుపు నిండిపోయింది. తోడబుట్టినవాళ్లు కూడా నా కోసం అంతసేపు ఒకచోట కూర్చోలేదు.

కొత్త పలక నా వేళ్లకు కంఠతా వచ్చేసింది. సోమవారం తోడొచ్చినవాళ్లను గేటు దగ్గరే ఆపేసి, కర్ర పట్టుకుని ఒక్కదాన్నే లోపలికి నడిచాను. సూపరింటెండెంటు బూట్లు వెనకాలే వచ్చాయి. అన్ని గదులూ తిరిగి నా కౌంటర్లోకి వచ్చి కూర్చున్నాను. ఆయన ఏదో అనబోతున్నారు, అంతలో పసిబిడ్డ ఏడుపు దగ్గరకొచ్చింది.

"అమ్మా, ఎక్స్‌రే ఎటు?"

"తిన్నగా వెళ్లండి, మెట్లు దాటాక ఎడమవైపు రెండో గుమ్మం."

ఏడుపు తిన్నగా వెళ్లింది, మెట్లు దాటింది, ఎడమకు తిరిగింది.

"రేపట్నుంచి వచ్చేయండమ్మా" అన్నారు సూపరింటెండెంటు.

ముందు మరిదికే ఫోన్ చేశాను. ఈ మాట దగ్గర మా ఆయన పెన్ను ఆపి మూతి ముడుచుకున్నట్టున్నారు, కానివ్వండి. అవతల అతను ఎత్తగానే నాకు ఏడుపొచ్చేసింది.

"ఏమైంది వదినా? గోడ తగిలిందా?" అన్నాడు కంగారుగా.

"లేదయ్యా" అన్నాను. "ఎక్కడా తగల్లేదు."