కుడివైపు పువ్వు

నేను దేవుడు లేడంటాను. నా భార్య ఉన్నాడనేది. హిందూపురంలో మాది రెండు గదుల ఇల్లు, పిల్లలు లేరు, కాబట్టి ఈ వాదనకు చోటు బాగానే దొరికేది. పెనుకొండ కాలేజీలో ఫిజిక్సు పాఠాలు చెప్పి సాయంత్రం బస్సులో ఇల్లు చేరేసరికి ఆమె కాఫీ పెట్టి ఎదురుగా కూర్చునేది. పొద్దున వదిలిపెట్టిన చోటు నుంచే నేను మొదలుపెట్టేవాణ్ణి. నాకు నోటి దురుసు ఎక్కువ, ఆమెకు ఓపిక ఎక్కువ. ఎవరం గెలిచేవాళ్లమో ఇప్పటికీ చెప్పలేను గానీ, కాఫీ మాత్రం చల్లారిపోయేది.

ఆమె పుట్టిల్లు ధర్మవరం. వాళ్ల ఇంట్లో పట్టుమగ్గాలు ఉండేవి. అందుకని ఆమె దేవుడు కూడా మగ్గం దగ్గరి నుంచే వచ్చేవాడు.

“చీర అంచులో హంస ఉండాదంటే, ఎవరో ఒకరు ఆ డిజైను గీసి, అట్టలకు బెజ్జాలు కొట్టి మగ్గానికి ఎక్కించినట్లే కదా. ఒక్క చీరకే ఇంత పని ఉంటే, ఇంత లోకం దానంతట అదే అయిపోయిందా?” అనేది.

ఈ వాదన పెద్ద పెద్ద పుస్తకాల్లో ఉంది. దానికి జవాబులూ ఉన్నాయి, అవి నాకు కంఠతా వచ్చు.

“మరి ఆ గీసినవాణ్ణి ఎవరు గీసినారు?”

“ఆయన్ను గీసేవాళ్లుంటే ఆయన దేవుడెట్లయితాడు?”

“అంటే, ఎవరూ గీయకుండానే ఉండేదొకటి ఉండొచ్చని నువ్వే ఒప్పుకున్నావు. అది ఈ లోకమే అనుకో. మధ్యలో దేవుడెందుకు?”

“లోకానికి మొక్కుకుంటే వింటాదా?”

“దేవుడు విన్నాడా?”

“నీ పక్కన ఇన్నేళ్లు ఉండే ఓపిక యాడ నుంచి వచ్చిందనుకుంటాండావు?” అని నవ్వేది. అక్కడితో ఆ రోజుకు చాలు.

ఒకసారి మాత్రం నేను హద్దు దాటాను. ఆమె గుండెలో ఒక కవాటం పుట్టుకతోనే సరిగా లేదని బెంగళూరు డాక్టరు చెప్పి అప్పటికి వారమైంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆ రోజు ఆమె దీపం పెట్టి వచ్చి కూర్చుంటే నాకు ఎందుకో ఒళ్లు మండింది. “నీ గుండెలో ఆ కవాటం గీసినవాడెవడు మరి? అంత చేతకానివాడికా దండం పెడుతున్నావు?” అన్నాను.

ఆమె మెల్లగా అంది. “మా నాయన మగ్గంలో కూడా పోగు తెగుతాండె. మళ్లీ ముడేసి నేస్తాండె. పోగు తెగిందని నేసేవాడే లేడంటే ఎట్ల?”

దానికి నా దగ్గర జవాబు ఉంది. ఆ రోజు చెప్పలేదు.

ఆపరేషన్ చేస్తే చాలామంది బాగుపడతారని, లేకుంటే మందుల మీద రెండు మూడేళ్లు నెట్టొచ్చని డాక్టరు అన్నాడు. నేను వెంటనే సరేనన్నాను. ఆమె మాత్రం స్వామిని పువ్వు అడగాలంది. మా వైపు ఇది మామూలే. పెళ్లి సంబంధానికీ బోరు వేయడానికీ కూడా అడుగుతారు. దేవుడి విగ్రహానికి రెండు భుజాల మీదా తడిపిన పువ్వులు అంటించి, మనసులో మాట అడిగి కూర్చుంటారు. కుడివైపు పువ్వు ముందు రాలితే సరే అన్నట్లు. ఎడమది రాలితే వద్దన్నట్లు. తడి ఆరితే పువ్వు రాలుతుంది, ఎటు ముందు ఆరితే అటు రాలుతుంది. అందులో దేవుడి పనేమీ లేదని క్లాసులో కూడా ఎన్నోసార్లు చెప్పాను.

అయితే ఎడమది రాలితే ఆమెను ఏ వాదనా కదిలించలేదని నాకు తెలుసు.

ఆమె అడుగుదామన్న గుడి పెనుకొండ కొండ కింద ఉండే చిన్న ఆంజనేయస్వామి గుడి. అక్కడి పూజారి నా దగ్గర ఇంటర్ చదివినవాడే. ముందురోజు కాలేజీ అయ్యాక నేనొక్కణ్ణే వెళ్లి అతనికి అంతా చెప్పాను. “కుడిపక్క తడి తక్కువ పెట్టు. నువ్వు నోటితో అబద్ధమాడేది ఏమీ లేదు” అన్నాను. అతను నా ముఖంలోకి చూడకుండా తల ఊపాడు.

శనివారం పొద్దున ఇద్దరం వెళ్లాం. ఆమె కళ్లు మూసుకుని కూర్చుంది. నేను స్తంభం పక్కన నిలబడి, జీవితంలో మొదటిసారి విగ్రహాన్ని రెప్ప వేయకుండా చూశాను. అరగంట దాటాక కుడివైపు చేమంతి జారి పీఠం మీద పడింది. ఆమె ఏడ్చింది. తిరుగు బస్సులో నా చేయి పట్టుకుని, “ఇన్నేళ్లకు నువ్వు, స్వామి ఒకే మాట చెప్పినారు చూడు” అంది. ఆ ముఖంలో ఉన్న ధైర్యం చూసి, నేను చేసింది మంచి పనే అనుకున్నాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. నాలుగో రోజు జ్వరం వచ్చింది. తొమ్మిదో రోజు ఆమె పోయింది. ఇలా కూడా జరుగుతుంటుందని, ఎవరి తప్పూ లేదని డాక్టరు చెప్పాడు.

పలకరించడానికి వచ్చినవాళ్లంతా దేవుడు రాసిన రాత అన్నారు. వాళ్లను చూస్తే నాకు అసూయ పుట్టింది. తిట్టుకోవాలన్నా, ఎందుకిలా చేశావని నిలదీయాలన్నా వాళ్లకు ఒకడున్నాడు. నాకు ఆ చోటు ఖాళీ. ఆ శనివారం ఆ ఖాళీ చోట్లో కూర్చుని, సరే, కోయించుకో అని ఆమెకు చెప్పింది నేనే. ఆమె విన్నది నా మాట, విన్నాననుకున్నది స్వామి మాట. ఇది ఎవరికీ చెప్పలేదు. ఎన్నో వాదనలు చేసినవాణ్ణి, రెండేళ్లు ఇంట్లో నోరు విప్పే పనే లేకుండా బతికాను. రిటైరయ్యాక అది మరీ ఎక్కువైంది. కొన్ని రోజులు పాలవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు.

మొన్న ధర్మవరం వెళ్లినప్పుడు బావమరిది మగ్గం ఆపి నా పక్కన కూర్చున్నాడు. గోడకు దేవుడి పటాలు లేవు, మేకులు మాత్రం ఉన్నాయి. “నువ్వు చెప్తాండిందే నిజం బావా. పువ్వు ఇచ్చి మరీ మా అక్కను చంపినాడంటే, ఆడ ఎవరూ లేనట్లే” అన్నాడు. నా వాదనకు జీవితంలో ఒక్క మనిషి లొంగాడు. అదీ నేను చేసిన మోసం వల్ల. అన్నానికి ఉండమన్నా ఉండకుండా లేచాను.

తిరిగి వస్తూ పెనుకొండలో దిగి నేరుగా గుడికి వెళ్లాను. పూజారి ఒక్కడే ఉన్నాడు. మనం చేసిన పనికి ఒక ఇల్లు ఎట్లా అయిందో చూడమని, నాతో ధర్మవరం వచ్చి నిజం చెప్పమని అడిగాను. అతను చేతులు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

“నేను మీరు చెప్పినట్ల చేయలేదు సార్. రెండు పక్కలా ఒకటే తడి పెట్టినా. చేయి రాలేదు.”

“మరి ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదు?”

“మీరు మళ్లీ రాలేదు కదా సార్. నేనే వచ్చి చెప్తే, అమ్మ పోయినాక ఏం చెప్పినట్లయితాది?”

నిజమే చెప్పాడా? నా అవస్థ చూసి జాలిపడ్డాడా? నిజమే అయితే, ఆ పువ్వు రాలింది గాలికా, వేడికా, ఇంకొక దానికా? దేవుడి విషయం అక్కడికీ తేలలేదు. ఇలా అవుతుందని తెలిసే పువ్వు ఇచ్చి ఉంటే ఆయన్ను అడగాల్సింది చాలా ఉంది. తేలిందల్లా ఒకటే. అతని మాట నిజమైతే ఆమెకు దొరికిన జవాబు నాది కాదు. ఆమె అడగాల్సిన చోటే అడిగింది. సాక్ష్యం చూపమని ముప్పై ఏళ్లు ఆమెను వేధించాను. ఆ పూజారిని మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అతను ఎక్కడ తడబడతాడోనని భయమేసి, లేచి వచ్చేశాను. నమ్మడం ఇంత సులభమని, ఇంత పిరికితనంగా కూడా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

హిందూపురం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పోయినవాళ్లకు ఏమీ వినబడదు. ఈ మాట నేను వేలసార్లు వాదించాను, ఇప్పటికీ దాని మీదే ఉన్నాను. అయినా ఊరు దాటాక, పక్కవాళ్లకు వినబడకుండా ఆమెకు చెప్పాను. “నేను నిన్ను మోసం చేయలేదంట.” బస్సు మోతలో నా మాట నాకే సరిగా వినబడలేదు. మళ్లీ చెప్పాను.