పోగు తప్పిన చోటు

మా వదినకు, అంటే మా ఆయన అక్కకు, మెచ్చుకోవడం చేతకాదు. ఏది చూపించినా ముందు అందులో లోపం వెతుకుతుంది. నేను కాపురానికి వచ్చిన రోజే నా జాకెట్టు కుట్టు వంకరగా ఉందని మొహం మీదే చెప్పింది. ఆమెనని ఏం లాభం? ఇరవై ఆరేళ్లుగా బట్టల మిల్లులో చెకింగ్ బల్ల దగ్గర నిలబడి, కదిలిపోతున్న గుడ్డలో పోగు తప్పిన చోటు పట్టుకోవడమే ఆమె పని.

అలాంటి మనిషిని కిందటి నెల బల్ల దగ్గర నుంచి తీసేశారు. లోపమున్న గుడ్డ తాను ఒకటి బయటికి వెళ్లి తిరిగొచ్చిందట. "నీ కళ్లు మందగించాయమ్మా, ఇక మడతలు పెట్టుకో" అని సూపర్‌వైజరు నలభై మంది ముందు అనేశాడు. అది తన చేతి మీదుగా పోలేదని, చెక్ చేసినవాళ్ల ముద్ర అంచున ఉంటుంది చూడమని వదిన ఎంత మొత్తుకున్నా వినలేదు. అప్పటినుంచి ఇంటికి రాగానే సూదిలో దారం ఎక్కించడం, తీయడం, మళ్లీ ఎక్కించడం.

ఆదివారం పొద్దున్నే మా కాలనీవాళ్లం కొందరం పిట్టల్నీ పురుగుల్నీ చూస్తూ పార్కులో తిరుగుతాం. ఒళ్లు తగ్గుతుందని నేను చేరాను. ఇంతవరకూ తగ్గలేదు. బతిమాలి వదిననూ లాక్కెళ్లాను. మా నడకలకు పెద్దదిక్కు ఒకాయన మెడలో బైనాక్యులర్స్‌తో గేటు దగ్గర నిలబడ్డాడు. ఆయన్ని చూసి వదిన ఆగిపోయింది. ఆ సూపర్‌వైజరు ఈయనేనని నాకప్పుడే తెలిసింది.

"వెళ్లిపోదాం పద" అంది.

"ఎందుకు వెళ్లాలి? పార్కు ఆయన సొంతమా?" అన్నాను.

ఆయన వడ్రంగిపిట్టను చూపించాడు, సీతాకోకచిలుకల రకాలు చెప్పాడు. వదిన మూతి ముడుచుకుని వెనకాలే నడిచింది. అందరూ ఒక ముసలి చెట్టు దాటేశాక ఆమె మాత్రం ఆగింది.

"ఇక్కడ బెరడు సరిగ్గా లేదు."

"చెట్టుకి కూడా వంకలు పెడతావా వదినా?"

"గీతలన్నీ నిలువుగా దిగుతున్నాయి. ఆ కొమ్మ మొదట్లో జానెడు మేర తిరగబడ్డాయి. అది బెరడు కాదు."

సూపర్‌వైజరు వెనక్కి వచ్చాడు. బైనాక్యులర్స్ పెట్టి చూశాడు, తుడిచి మళ్లీ చూశాడు. "ఏమీ లేదమ్మా, విరిగిన కొమ్మ" అన్నాడు. వదిన కళ్లు తిప్పలేదు. ఆ విరిగిన కొమ్మ పసుపుపచ్చటి కన్ను ఒకటి తెరిచి మా వైపు చూసింది. అది గుడ్లగూబ.

"పన్నెండేళ్లుగా దీనికోసం వెతుకుతున్నాను. వారం వారం ఈ చెట్టు కింద నుంచే పోతున్నాను" అన్నాడాయన, గొంతు తగ్గించి.

"బెత్తెడు కుడిపక్కన దాని పిల్ల కూడా ఉంది సార్. మీరు కళ్లు చూపించుకోండి" అంది వదిన. నాకు ఈల వేయాలనిపించింది.

తిరిగి వస్తుంటే ఆయన ఆమె పక్కకు చేరి, ఎవరికీ వినపడకుండా, "రేపు బల్ల దగ్గరికి వచ్చెయ్యమ్మా" అన్నాడు.

"నలభై మంది ముందు తీసేశారు. వాళ్ల ముందే పిలవండి సార్. పిలిచే ముందు ఆ తాను అంచున ఎవరి ముద్ర ఉందో చూడండి. ఆ రోజు చూడమన్నా చూడలేదు."

ఆ రాత్రి ఆమె సూది ముట్టలేదు. నాకే నిద్ర పట్టలేదు.

సోమవారం సాయంత్రం వదిన గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "ముద్ర నాది కాదని ఆయనే పైకి చదివాడు. తప్పు తనదేనన్నాడు. అందరూ పని ఆపి విన్నారు" అని చెప్పి, నవ్వేసింది. పద్దెనిమిదేళ్ల కాపురంలో నేను వదిన పళ్లు చూడటం అదే మొదటిసారి.