సీతబొమ్మకు పట్టిన బూజు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తూ తిరిగాను. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను.

మాచర్ల దగ్గర ఒక చిన్న మ్యూజియం నా బాధ్యతలో ఉండేది. కారంపూడి నుంచి రమణమ్మ అనే ఆమె, తన తండ్రి ఆడించిన తోలుబొమ్మలను మాకు ఇచ్చింది. ఇవ్వొద్దని తమ్ముడు పోట్లాడినా వినలేదు. మా దగ్గరైతే పదిలంగా ఉంటాయని నమ్మింది.

తోలుకు తేమ పడదు. అందుకని వేడిని, తేమను కొలిచే రెండు పరికరాల్లో ఒకటి ఎంచుకోవలసి వచ్చింది. ఒకటి అగ్గిపెట్టెంత డేటా లాగర్. గాజుపెట్టెలో బొమ్మల పక్కనే పెడితే రాత్రీ పగలూ తేమను నమోదు చేస్తూనే ఉంటుంది. రెండోది గోడకు తగిలించే మీటర్. ఆ క్షణాన ఎంతుందో పెద్ద అంకెల్లో చూపిస్తుంది, అంతే. దేన్నీ గుర్తుపెట్టుకోదు.

ఏది కావాలో నాకు తెలియదా? తెలుసు. కానీ కరెంటు వాడకం గురించి పైవాళ్లు అడుగుతారన్న భయంతో రోజూ సాయంత్రం తాళం వేసేటప్పుడు ఏసీ ఆపేయిస్తున్నది నేనే. ఏసీ లేని రాత్రుల్లో తేమ పెరిగిన సంగతి లాగర్‌లో బయటపడుతుందని గోడ మీటరే చాలన్నాను.

వానాకాలంలో సీతబొమ్మ ముఖానికి బూజు పట్టింది. తుడిస్తే రంగు ఊడి వచ్చింది.

రమణమ్మ చూడటానికి వచ్చింది. గాజు మీద చెయ్యి పెట్టింది.

"ఏంది సార్, ఇట్టా అయింది?"

"మీ ఇంట్లో ఉన్నప్పుడే తోలు పాడైందమ్మా. ఇప్పుడు బయటపడింది," అన్నాను.

నిలదీస్తుందనుకున్నాను. తల దించుకుంది.

"అయ్యుంటది సార్. నాయన పోయినాక నేను సరిగ్గా ఆరబెట్టలా. నా తప్పే. మా తమ్ముడికి ఏం చెప్పుకోను?"

అప్పుడైనా చెప్పవచ్చు కదా? నోరు తెరిచాను. మంచినీళ్లు తాగుతారా అని అడిగాను.

ఆ తర్వాత తమ్ముడు ఆమెతో మాటలు మానేశాడు. నేను లాగర్లు తెప్పించాను, ఏసీ ఆపనివ్వలేదు. దేన్ని సరిదిద్దుదామని? ఆ తప్పు తనదేనన్న నమ్మకంతోనే రమణమ్మ పోయిన ఏడాది కన్నుమూసింది.

మొన్న ఆమె తమ్ముడి ఇంటికి వెళ్లి, ఉన్నదంతా చెప్పాను. చివరిదాకా విన్నాడు. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

క్షమించమని నేనూ అడగలేదు. ఆ బొమ్మలు ఆమె చేతిలో పాడవలేదు. నా చేతిలో పాడయ్యాయి. ఆ మాట ఇప్పుడు నా ఒక్కడి దగ్గరే లేదు.