ఒక్కసారి పడుకుని చూడండి

మావయ్యకు ఉన్నది ఒక్కటే అలవాటు. ఏ గదిలోకి వెళ్ళినా పడుకుంటాడు.

నిద్రపోతాడని కాదు. నిద్రపోతే గొడవే లేదు, లేపి పంపించేయొచ్చు. మావయ్య చెప్పులు విడిచి, నేలమీద వెల్లకిలా పడుకుని, చేతులు రెండూ పొట్టమీద పెట్టుకుని, కళ్ళు బార్లా తెరిచి పైకప్పు కేసి చూస్తాడు. కుర్చీ వేస్తే వద్దంటాడు. మంచినీళ్ళు తెస్తే పక్కన పెట్టమంటాడు. పావుగంట తర్వాత లేచి, చొక్కా దులుపుకుని, "ఈ దీపం ఎవరు పెట్టారండీ, కళ్ళలో పొడుస్తోంది" అంటాడు.

పెళ్ళికి ముందు మొదటిసారి అత్తయ్యవాళ్ళింటికి వెళ్ళినప్పుడూ అంతే. ముందుగదిలో అడుగు పెట్టాడు, పడుకున్నాడు. అత్తయ్య నాన్నగారు హడలిపోయి చెంబుడు నీళ్ళు మొహాన కొట్టారు. మావయ్య ఆ తడి మొహంతోనే, "మీ దూలం అరంగుళం కుంగిందండీ" అన్నాడు. చూస్తే నిజంగానే కుంగింది.

"అంత గమనించే మనిషి కదా అని ఇచ్చి చేశారు" అంటుంది అత్తయ్య. "ఏ గదిలో పడుకున్నా నాకు పరవాలేదు. వంటింట్లో పడుకున్నప్పుడే, వేడి గిన్నె పట్టుకుని మనిషిని దాటాల్సొస్తుంది."

ఇంతకీ మావయ్య పనేమిటంటే, డబ్బున్నవాళ్ళు సముద్రంలో తిరగడానికి కట్టించుకునే పెద్ద పడవల్లో, వాళ్ళు ఉండే గదుల్ని తీర్చిదిద్దడం. పడగ్గది, కూర్చునే గది, స్నానాలగది, బట్టల గది. బొమ్మ గీసేది మావయ్య, చేయించేది మావయ్య. పనివాళ్ళు ఆయన్ని పడక మేస్త్రి అంటారు, ఎదురుగానే. పలుకుతాడు కూడా.

తన మేనకోడలికి చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయాక, మావయ్యే తీసుకొచ్చి కుట్టుపనిలో పెట్టాడు. పరుపుల గలేబులు, తెరలు, గోడలకి తొడిగే తోలు. ఆ పిల్లకి నోట్లోంచి మాట రావడం కష్టం. కళ్ళు మాత్రం అన్నీ చూసేవి. మొదటిరోజే మావయ్య ఆమెకి రెండు పాఠాలు చెప్పాడు.

"అమ్మడూ, గదిని నిలబడి చూసేవాడు చుట్టపుచూపుగా వచ్చినవాడు. పడుకుని చూసేవాడు అందులో ఉండేవాడు. మనం పని చేసేది రెండోవాడికి."

ఆమె తల ఊపింది.

"పడవలో నీ ఎడమ, నా ఎడమ అని ఉండవు. పడవ ముక్కు కేసి తిరిగి నిలబడితే ఏది ఎడమో, అదే ఎడమ. నువ్వు వెనక్కి తిరిగినా, తలకిందులుగా వేలాడినా అదే. తెలిసిందా?"

దానికీ తల ఊపింది. తల ఊపేవాళ్ళతో చిక్కేమిటంటే, వాళ్ళని మళ్ళీ ఎవరూ అడగరు.

మావయ్య పడకల కథలు ఒకటా రెండా. పడవ ఇంకా ఒడ్డునే ఉండగా, మంచం అంచు ఎంత ఎత్తుండాలో తేలక, ఒక చెక్కమీద పడుకుని నలుగురు వడ్రంగుల చేత అటూ ఇటూ ఎత్తించుకున్నాడు.

"ఇది అల కాదు, ఉయ్యాల. గట్టిగా ఎత్తండి" అన్నాడు.

పెద్ద వడ్రంగికి చిరాకేసి గట్టిగానే ఎత్తాడు. మావయ్య దొర్లుకుంటూ వెళ్ళి రంపపు పొట్టులో పడ్డాడు. పొట్టులోంచే, "నాలుగంగుళాలు చాలదు, అయిదు రాసుకోండి" అన్నాడు.

ఇంకోసారి నునుపు చేసిన నేలమీద ఎవరిదో చెయ్యి తగిలి వార్నిష్ ఒలికింది. సరిగ్గా అప్పుడే ఆ పడవ యజమాని మెట్లు దిగుతున్నాడు. సరిగ్గా అప్పుడే మావయ్యకి పడుకోవాలనిపించింది, ఆ వార్నిష్ మీదే. "మీరూ ఒక్కసారి పడుకుని చూడండి సార్, ఈ పైకప్పు అందం నిలబడితే తెలీదు" అని పిలిచాడు కూడా. ఆ పెద్దమనిషి పక్కనే పడుకుని అరగంట పైకప్పు మెచ్చుకుని వెళ్ళాడు. మావయ్య వీపుకి చొక్కా అతుక్కుపోతే అత్తయ్య కత్తెర తెచ్చి విడదీసింది.

ఇక ఈ కొత్త పడవ సంగతి. దీని యజమాని చండశాసనుడు. ఎవరేం చెప్పినా మెడ ఎడమకి తిప్పి, కుడిచెవి ముందుకి పెట్టి వినేవాడు. ఎంత శ్రద్ధగా వింటాడో అనుకునేవారు అందరూ. మొదటిరోజే చెప్పాడు, "నా గదుల్లో ఒక్క తేడా వచ్చినా, చేసినవాళ్ళు మర్నాటినుంచి పడవ ఎక్కక్కర్లేదు."

ఆ పడగ్గదిలో మంచానికి రెండు పక్కలా గోడలకి తోలు తొడిగే పని మేనకోడలిది. మొట్టమొదటిసారి ఒక గదిపని మొత్తం ఆమె చేతిలో పెట్టాడు మావయ్య. ఇది నిలబడితే ఆమె కుట్టుపనిమనిషి. నిలబడకపోతే మళ్ళీ ఇంట్లో కూర్చుని పాత దుప్పట్లకి అంచులు కుట్టడమే.

ఎడమవైపు యజమాని భార్య పడుకుంటుంది. ఆవిడకి చదువుకునే అలవాటు. ఆ గోడకి చిన్న దీపం, పుస్తకానికి జేబు, కళ్ళజోడుకి జేబు ఉండాలి. కుడివైపు యజమానికి వెలుతురు పడదు. ఆ గోడ బోసిగా ఉండాలి. మేనకోడలు గుమ్మంలో నిలబడి కొలతలు తీసుకుంది, కాగితం మీద ఎడమ అని రాసుకుంది, నెల్లాళ్ళు కుట్టింది. జేబుల కుట్టు చూసి పెద్ద వడ్రంగి కూడా ఆగాడు.

యజమాని దంపతులు చూడ్డానికి వచ్చే పొద్దున, ఆమె చివరిసారి తుడుస్తూ గుమ్మంలో నిలబడింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ గది పడవ వెనకవైపు ఉంది. గుమ్మంలో నిలబడితే మొహం పడవ తోకవైపు ఉంటుంది. తను రాసుకున్నది తన ఎడమ. పడవ ఎడమ కాదు.

మార్చడానికి లేదు. పడవ గోడలు వంపు తిరిగి ఉంటాయి, ఒక పక్కది రెండో పక్కకి నప్పదు. ఆ తోలు ఇంకో ముక్క లేదు. ఆమె మావయ్య కోసం వెళ్ళేలోపే యజమాని లోపలికి వచ్చేశాడు.

చూశాడు. "దీపం నా వైపెందుకుంది?"

గోడ దగ్గరికెళ్ళి దీపాన్ని వేలితో తట్టాడు.

"ఎవరు చేశారిది?" మొహం ఎర్రబడింది.

మేనకోడలు నోరు తెరిచింది. మాట రాలేదు. వెనకనుంచి మావయ్య గొంతు వినిపించింది. "సార్, నిలబడి అడిగితే ఏం చెప్పను? ఒక్కసారి పడుకుని చూడండి. అమ్మగారూ, మీరు దీపం వైపు."

అంటూనే ఆయన మంచం పక్కన నేలమీద పడుకున్నాడు. పడుకున్న మనిషితో నిలబడి పోట్లాడటం ఎంత చండశాసనుడికైనా కష్టం. యజమాని విసుక్కుంటూ చెప్పులు విడిచి మంచమెక్కాడు. ఆవిడ ఆయన కుడిపక్కన ఒరిగింది. కాసేపు ముగ్గురూ పైకప్పు చూశారు.

"జేబు బాగుంది. చెయ్యి చాపితే కళ్ళజోడు అందుతోంది" అని తనలో తాను అనుకున్నట్టు అంది ఆవిడ.

"మరి బాగా కుట్టారుగా" అన్నాడు యజమాని.

ఆవిడ లేచి కూర్చుంది. "మీకు వినిపించిందా?"

"వినిపించకేం?"

"ఇరవై రెండేళ్ళలో పక్కమీద నేనన్నదానికి మీరు జవాబివ్వడం ఇదే మొదలు."

"పక్కమీద నువ్వు మాట్లాడతావని నాకేం తెలుసు?" అని ఆయన గొంతు తగ్గించాడు. "నా ఎడమచెవి కొంచెం మందం."

"ఎప్పట్నుంచి?"

"చిన్నప్పట్నుంచి."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

"అడిగే ఉంటాను," అంది ఆవిడ, "ఎడమపక్కనుంచి."

నేలమీంచి మావయ్య మెల్లిగా అన్నాడు, "దీపం మార్చమంటారా సార్?"

"ముట్టుకోవద్దు" అన్నారు ఇద్దరూ.

వాళ్ళు వెళ్ళాక మేనకోడలు తలుపు పక్కనే నిలబడింది. "మావయ్యా, పొరపాటు నాదే. నా ఎడమ రాసుకున్నాను."

"తెలుసు. నిన్ననే పడుకుని చూశాగా."

"మరి ఆయన చెవి?"

"మెడ అలా తిప్పి వినేవాడు శ్రద్ధగలవాడైనా అవ్వాలి, ఒక చెవివాడైనా అవ్వాలి. మొదటిరకం వాళ్ళు అంత అరవరు అమ్మడూ." చొక్కా దులుపుకుని స్నానాలగది చూడ్డానికి వెళ్ళిపోయాడు.

పెద్ద వడ్రంగి పనిముట్లు సర్దుకుంటూ అన్నాడు, "ఆ వార్నిష్ ఒలికించింది నేనే అమ్మాయీ. మీ మావయ్య ఊరికే పడుకోవడం నేనెప్పుడూ చూళ్ళేదు."

వారం గడిచాక యజమాని బట్టల గది చూడ్డానికి వచ్చాడు. సొరుగు లాగాడు. అది సగం వచ్చి తలుపుకి తగిలి ఆగిపోయింది. తలుపు మూస్తే సొరుగు వస్తోంది. తలుపు తీస్తే రావట్లేదు. మావయ్య తన చేత్తో గీసిన బొమ్మ తీసి చూసుకున్నాడు. బొమ్మలోనూ అలాగే ఉంది. ఎన్నడూ లేనిది, పడుకోవడం మరిచిపోయి నిలబడిపోయాడు.

యజమాని మెడ తిప్పి కుడిచెవి ముందుకి పెట్టాడు. "చెప్పండి."

ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది. కొత్తవాళ్ళ ముందు కళ్ళెత్తని పిల్ల, చున్నీ సర్దుకుని, నేలమీద వెల్లకిలా పడుకుని, చేతులు రెండూ పొట్టమీద పెట్టుకుంది.

"సార్," అంది, "ఒక్కసారి పడుకుని చూడండి."

మావయ్య ఆమెని చూశాడు. బొమ్మ మడిచి జేబులో పెట్టుకుని, తనూ ఆ పక్కన పడుకున్నాడు. ఒక్క నిట్టూర్పు విడిచి యజమాని కూడా చెప్పులు విడిచాడు. ముగ్గురూ వరసగా పైకప్పు కేసి చూస్తున్నారు.

కాసేపటికి ఆయనే అడిగాడు, "ఇప్పుడు ఏం చూడాలమ్మా?"

"అదే ఆలోచిస్తున్నాను సార్" అంది మేనకోడలు.