లేబుల్ మీద లేని నరసమ్మ

రెండో ప్రపంచ యుద్ధం మొదలవడానికి ముందటి సంవత్సరం నేను కోఠీలో గ్రామఫోన్ల మరమ్మతు పని మానేసి, పాత రికార్డుల వ్యాపారంలోకి దిగాను. కొట్టు అద్దెకు తీసుకునే తాహతు లేదు. గౌలిపురలో మా బాపు పశువులకు గడ్డి తోలే ఒంటెద్దు బండి ఉండేది. దానికి తడిక కప్పు వేసి, చెక్క అరలు బిగించి, అదే దుకాణం చేసుకున్నాను. లక్కతో చేసిన రికార్డులు ఎండకు వంగుతాయి, కుదుపుకు పగులుతాయి. అందుకే నిలువుగా సర్ది, మధ్యలో గోనెపట్టలు కుక్కేవాణ్ణి.

పాత రికార్డు కొనేముందు వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడాలి. గీతలు నల్లగా మెరిస్తే మంచిది, బూడిదరంగుకు తిరిగితే అరిగినట్టు. వేలి కణుపుతో తడితే ఖంగుమనాలి. డొల్లగా పలికితే ఎక్కడో పగులుంది.

మా సందులోనే నరసమ్మ అనే ఆమె ఉండేది. యాభై దాటిన మనిషి, పెళ్లిళ్లలో వంట చేసేది. ఒకరోజు బండి దగ్గరికి వచ్చి, బాగా అమ్ముడయ్యే ఒక మంగళహారతి రికార్డు ఉందా అని అడిగింది. తీసి చూపించాను. లేబుల్ మీద మద్రాసు నాటకాల నటి పేరు ఉంది.

"గిది నేను పాడిన పాట భాయ్," అంది. "పెండ్లి ఇంట్ల గీ ప్లేటే పెట్టిండ్రు. నా గొంతే అని చెప్పిన. అందరు నవ్విండ్రు. అబద్ధాలాడేదాంతోని వంట చేయించేది లేదని ఇంటామె ఎల్లగొట్టింది. గప్పటిసంది ఎవ్వరు పనికి పిలుస్తలేరు."

వయసులో ఉన్నప్పుడు రికార్డు కంపెనీ దొర ఒకడు నగరానికి వచ్చి, అద్దె గదిలో ఆమెను గొంతు పట్టే బూరా ముందు నిలబెట్టి పాడించాడట. "పాట అయినంక పేరు చెప్పమన్నడు. చెప్పిన. గా పేరు గూడ తీసేసిండ్రా?" అని అడిగింది.

తొలిరోజుల్లో ఆ పద్ధతి నిజంగానే ఉండేది. రికార్డులు అచ్చయ్యేది విదేశంలో. అక్కడి పనివాళ్లకు మన భాష రాదు గనుక, ఏ పాట ఎవరిదో తెలియడానికి గాయకులే చివర పేరు చెప్పేవారు. పాట ఆగగానే సూది ఎత్తేయడం వినేవాళ్ల అలవాటు, కాబట్టి ఆ మాట ఎవరి చెవినా పడేది కాదు.

బండిలోని గ్రామఫోన్‌కు చాబీ తిప్పి, కొత్త సూది పెట్టి, రికార్డును చివరిదాకా తిరగనిచ్చాను. పాట అయిపోయింది. కాసేపు గరగర. తర్వాత ఒక పడుచు గొంతు, "నా పేరు గౌలిపుర నరసమ్మ" అంది.

"గట్లనే చెప్పిన," అని ఆమె బండి చక్రం పట్టుకుని నిలబడిపోయింది.

నా ఒళ్లు మండిపోయింది. ఆ రికార్డునూ ఆమెనూ బండిలో వెంటబెట్టుకుని బేగంబజార్‌లోని కంపెనీ ఏజెంటు సేఠ్ దగ్గరికి వెళ్లాను. ఊళ్లోకి రికార్డులూ సూదులూ అతని ద్వారానే వచ్చేవి. నేను చెప్పింది పూర్తిగా విన్నాడు, ఏమాత్రం తడబడలేదు.

"మాకు ఎరుకే. వంటామె పేరేస్తే ఎవడు కొంటడు? నామ్ బిక్‌తా, గలా నహీ," అన్నాడు. అమ్ముడుపోయేది పేరు, గొంతు కాదట. ఆమె ఎదుటే నిలబడి ఉంది, కూర్చోమని కూడా అనలేదు. లొల్లి చేస్తే రేపటి నుంచి నాకు సూదులు రావన్నాడు. సూదులు లేకపోతే నా వ్యాపారం సాగదు. వినిపించకుండా పాత రికార్డు ఎవరూ కొనరు.

పొరపాటైతే ఓర్చుకునేవాణ్ణి. తెలిసి చేశారు. ఒక మనిషి గొంతు తీసి ఇంకొకరికి అంటగట్టి, అదే వ్యాపారమన్నారు. "అయితే మీ సూదులు మీ తాననే ఉంచుకోండి," అని బయటికి వచ్చేశాను.

అక్కడి నుంచి బండిని నేరుగా ఆ పెళ్లి ఇంటికి తోలాను. అరుగు మీద గ్రామఫోన్ పెట్టి, ఇంటామెను, ఆనాడు నవ్విన చుట్టాలను పిలిచి, ఆఖరి మాట దాకా వినిపించాను. చివరికి ఇంటామె, "వచ్చే నెల మా చిన్నదాని పెండ్లి ఉన్నది, వంటకు రా," అంది. క్షమాపణ మాట మాత్రం నోటి నుంచి రాలేదు.

"విన్నరు గదా, గంతే చాలు. మీ ఇంట్ల నేను వండ," అని నరసమ్మ అరుగు దిగి వచ్చేసింది. ఆ కబురు గౌలిపుర అంతా పాకింది. మిగతా ఇళ్లవాళ్లు ఆమెను మళ్లీ పిలవసాగారు.

ఏజెంటు అన్నంత పనీ చేశాడు. సూదుల కోసం నేను సికింద్రాబాద్ దాకా తిరగాల్సి వచ్చింది. నా చేతికొచ్చిన ప్రతి కాపీ మీదా నరసమ్మ పేరు రాసిన చీటీ అంటించే అమ్మాను. సరుకు పాడుచేస్తున్నానని అతను పోలీసు జమేదారుతో బెదిరించాడు. అయినా నేను మానలేదు. కంపెనీ మాత్రం లేబుల్ మార్చలేదు. నరసమ్మ చనిపోయాక కూడా ఆ పాట నటి పేరుతోనే అమ్ముడైంది.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒక్కటే. కష్టం ఎవరిదో తెలిసినంత మాత్రాన వ్యాపారి దాన్ని ఒప్పుకోడు. ఒప్పుకోకపోతే నష్టం వస్తుందన్నప్పుడే ఒప్పుకుంటాడు. నరసమ్మ విషయంలో ఆ నష్టం చూపించే బలం మా ఇద్దరికీ లేకపోయింది.