నూట పద్నాలుగో గదిలో తెర ఇవతల

వెర్నా కోల్టర్‌మన్‌కి సంగీతం రాదు. ఈల వేయడం కూడా రాదు. నెబ్రాస్కాలో క్రెస్‌వెల్ ఊరి బడి వంటగదిలో ముప్పై ఒక్క ఏళ్ళు చిల్లీ అనే మాంసం, చిక్కుళ్ళ పులుసు వండి, దాల్చినచెక్క రోల్స్ కాల్చి రిటైరయింది. అయినా ఆ జిల్లాలో ట్యూబా, అంటే ఒళ్ళో పెట్టుకుని ఊదే పెద్ద ఇత్తడి బాకా, వాయించే పిల్లల్లో ఆమె పక్కన కూర్చుని చెమటలు కక్కని వాళ్ళు లేరు.

ఏటా జనవరిలో ఒక శనివారం ఇరవై రెండు బడుల పిల్లలు వాయిద్యాలు మోసుకుని క్రెస్‌వెల్ వస్తారు. అందరిలోకీ బాగా వాయించిన వాళ్ళని ఏరి ఆనర్ బ్యాండ్ కడతారు. ఒక్కో వాయిద్యానికి ఒక్కో గది. ట్యూబాలది నూట పద్నాలుగు. గదికి అడ్డంగా తెర, తెర అవతల ముగ్గురు జడ్జీలు. ఇవతల ఒక కుర్చీ, కాగితాల స్టాండు, వాయించే పిల్లో పిల్లాడో, వెర్నా. వాయించేది ఎవరో జడ్జీలకు తెలియకూడదు కాబట్టి పిల్లలు నోరు విప్పకూడదు. ఏమైనా అడగాలంటే వెర్నా చెవిలో చెప్పాలి. అప్పుడామె తెరవైపు తిరిగి, "జడ్జీగారూ, తొమ్మిదో నంబరు మళ్ళీ మొదట్నించి ఎత్తుకోవచ్చా అని అడుగుతున్నారు" అంటుంది.

కూతురు జోడీ క్లారినెట్ వాయించే రోజుల్లో, ఒక మనిషి తక్కువయ్యారని వెర్నాని ఆ గదిలో కూర్చోబెట్టారు. జోడీ క్లారినెట్ మానేసి పదిహేడేళ్ళయింది. వెర్నా మాత్రం మానలేదు. మొదట్లో తెర అంటే పాత దుప్పటి, వెలుతురులో నీడ కనబడేది. వెర్నా మందపాటి గుడ్డ తెచ్చి రెండు పొరలుగా కుట్టింది. ఒక ఏడు ఎవరో అమ్మాయి ఎత్తుమడమల చెప్పులతో టకటకా నడిచి వస్తే, అమ్మాయని తెలిసిపోయి తెర వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. మరుసటి ఏడు వెర్నా తన ఇంటి హాల్లో తివాచీ చుట్టి పట్టుకొచ్చి గుమ్మం నుంచి కుర్చీ దాకా పరిచింది.

"నేల మంచుగడ్డలా ఉందే" అన్నాడు మొగుడు లెస్టర్.

"మేజోళ్ళు వేసుకో" అంది వెర్నా.

రూలంటే రూలే ఆమెకు. చెల్లెలి కొడుకు వచ్చి, ఎంత వేగంగా వాయించాలో సైగ చెయ్యమని బతిమాలితే గోడకేసి చూస్తూ కూర్చుంది. ఆ చెల్లెలు ఈస్టర్ దాకా మాట్లాడలేదు.

అలాంటి వెర్నా ఒక్కసారి, ఒకే ఒక్కసారి తప్పింది.

ఆ ఏడు చలి ఇళ్ళ గోడలు పటపటమనేంత ముదిరింది. పొద్దున్న ఎనిమిదింటికి నూట పద్నాలుగో గది ముందుకి పదిహేనేళ్ళ పిల్ల ఒకతి, తనకంటే లావుపాటి ట్యూబాని కావలించుకుని వచ్చింది. పేరు మేరెన్ స్టబీ. వెనకాల తాత హార్లన్, టోపీ చేత్తో పట్టుకుని.

"మామ్మగారూ, మీటలు కదలట్లేదు" అంది పిల్ల.

వెర్నా నొక్కి చూసింది. మూడూ బిగుసుకుపోయి ఉన్నాయి. లోపల తడి గడ్డకట్టింది.

"దేంట్లో తెచ్చావే దీన్ని?"

"తాతయ్య ట్రక్కులో. వెనకాల. టార్పాలిన్ కప్పాం."

"తొంభై మైళ్ళు ట్రక్కు వెనకాలా?"

హార్లన్ తలొంచుకున్నాడు. "దూడపిల్లనైతే ముందు సీట్లో కూర్చోబెట్టుకుందునమ్మా. ఇది పట్టలేదు మరి."

మేరెన్ నంబరు నాలుగు. పిలిచినప్పుడు లోపలికి రాకపోతే పేరు కొట్టేస్తారు. వెర్నా నేరుగా ఆడిషన్లు జరిపించే డాయిల్ దగ్గరికి వెళ్ళింది. డాయిల్ ఇప్పుడు బ్యాండ్ మాస్టారు గానీ, చిన్నప్పుడు ఆమె వడ్డించిన భోజనం తిన్నవాడే.

"నాలుగో నంబరుని ఆఖరికి పంపుతున్నా డాయిల్. ట్యూబా గడ్డకట్టింది."

"రూల్లో ఉందా వెర్నమ్మా?"

"వాయిద్యం చెడితే వరస మార్చొచ్చని ఏడో పేజీలో ఉంది. రాసింది నువ్వే."

"అయితే మార్చండి. నేను రాసింది మీరొక్కరైనా చదివారు."

మేరెన్ అప్పటికే ట్యూబాని హీటరుకి ఆనించబోతోంది. వెర్నా చెయ్యి పట్టుకుని ఆపింది. గడ్డకట్టిన మాంసాన్ని ముప్పై ఒక్క ఏళ్ళు కరిగించిన మనిషి ఆమె. "తొందరపెట్టకు తల్లీ. పైన కాలుతుంది, లోపల రాయిలాగే ఉంటుంది." తన కోటు విప్పి మీటల చుట్టూ చుట్టి, ట్యూబాని పిల్ల ఒళ్ళో పెట్టి, "చంటిబిడ్డనెత్తుకున్నట్టు కూర్చో" అని చెప్పి గదిలోకి వెళ్ళిపోయింది. నోటికి పెట్టుకునే ముక్కని హార్లన్ గుప్పెట్లో పెట్టుకుని, మధ్యమధ్యలో ఊదుతూ పక్కనే కూర్చున్నాడు.

వెర్నా లోపల అదే పాట పదమూడుసార్లు విని బయటికొచ్చేసరికి మీటలు కదులుతున్నాయి.

మేరెన్ లోపలికొచ్చి మొదటి పాట ఎత్తుకుంది. ఆ స్వరం నేలలోంచి వచ్చి అరికాళ్ళకు తగిలినట్టయింది వెర్నాకి. ఆ రోజు అంత నిండుగా ఎవరూ వాయించలేదు. తరవాతది గండం. ఎప్పుడూ చూడని కాగితం ముందు పెడతారు, అరనిమిషం చూసుకుని వాయించెయ్యాలి. మేరెన్ కాగితం తిప్పింది. పొద్దున్నించి బిగబట్టుకున్నదంతా అప్పుడే కళ్ళలోకి వచ్చింది.

"సిద్ధమేనా?" అన్నారు తెర వెనక నుంచి.

పిల్ల నోరు తెరిచింది. గొంతు బయటికి వస్తే అంతే సంగతులు. వెర్నా చటుక్కున వంగి చెవి పెట్టింది.

"నాకేం కనబడట్లేదు మామ్మగారూ."

వెర్నా నిటారుగా కూర్చుంది. "జడ్జీగారూ, నాలుగో నంబరు ఒక్క నిమిషం కావాలని అడుగుతున్నారు."

పిల్ల అడగలేదు. ఆ మాట అన్నాక వెర్నా చెవులు వేడెక్కాయి.

"సరే, ఒక్క నిమిషం."

వెర్నా చేతిరుమాలు ఇచ్చింది. ధైర్యం చెప్పడానికి వీల్లేదు కాబట్టి, పిల్లని చూడకుండా కిటికీలోంచి మంచుకేసి చూస్తూ కూర్చుంది. మేరెన్ గదంతా అదిరేలా ముక్కు చీదింది. చీదడంలో ఆడా మగా తేడా తెలియదు గనక రూలు తప్పినట్టు కాదు. తెర వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తరవాత మేరెన్ వాయించింది. రెండుచోట్ల తప్పింది, ఆగకుండా చివరిదాకా వెళ్ళింది.

మధ్యాహ్నం వెర్నాకి ముద్ద దిగలేదు. ట్రే అక్కడే వదిలేసి డాయిల్ దగ్గరికి వెళ్ళింది.

"నేను అబద్ధమాడాను. నాలుగో నంబరు నిమిషం అడగలేదు. నేనే అడిగాను."

డాయిల్ చెంచా కింద పెట్టాడు. "అడిగితే ఎవరికైనా ఇస్తారా?"

"ఇస్తారు. పొద్దున్న ఒకళ్ళకి ఇచ్చారు."

"అయినా జడ్జీలకి చెప్పాలి."

"చెప్పు. నన్ను తీసేసినా సరే, పిల్లకేం కాకుండా చూడు."

అతను వెళ్ళి పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. "ముక్కు చీదినవాళ్ళేనా అన్నారు. నిమిషానికి మార్కులు ఉండవట, వాయించినదానికే వేశామన్నారు. కానీ వెర్నమ్మా, చేసింది తప్పే. మళ్ళీ చెయ్యకండి."

"చెయ్యను" అంది వెర్నా. ఆ తరవాత చెయ్యలేదు కూడా.

మూడింటికి ఫలితాలు అంటించారు. ట్యూబాలకి నలుగురు. హార్లన్ కాగితం మీద వేలు పెట్టి కింద నుంచి పైకి చదివాడు. "ఇటునించి చదివితే మనమే మొదలు" అన్నాడు. మేరెన్ ఏడుస్తూనే నవ్వుతూ తాత కోటు చేతికి మొహం రుద్దేసుకుంది.

మూడు వారాల తరవాత కచేరీ. వెర్నా ఇన్నేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు. ఆ శనివారం విన్నదే ఏడాదికి సరిపోతుందనేది. హార్లన్ ఫోన్ చేసి, రాకపోతే తనే ట్రక్కు వేసుకొచ్చి తీసుకెళ్తానన్నాడు. ఆ ట్రక్కు ఎక్కడం కంటే తనంతట తను పోవడమే మేలని వెళ్ళింది.

తొంభై మంది ఒక్కసారి ఎత్తుకున్నారు. విడివిడిగా, తప్పుల్తో వినడమే అలవాటైన వెర్నాకి ఊపిరాడలేదు. వెనక వరసలో ట్యూబాల నోళ్ళు తప్ప పిల్లల మొహాలు కనబడటం లేదు.

"మా పిల్లది ఏదో తెలుస్తోందా మీకు?" అని గొంతు తగ్గించి అడిగాడు హార్లన్.

వెర్నా చాలాసేపు చెవి రిక్కించింది. "లేదు. నలుగురిదీ ఒకటే."

"నాకూ తెలియట్లేదు" అన్నాడతను సంతోషంగా.

ఆ మరుసటి ఏడు నుంచి వెర్నా కచేరీకి లెస్టర్‌ని కూడా వెంటబెట్టుకెళ్ళేది. అతను రెండో పాటకల్లా నిద్రపోయేవాడు. ఆమె లేపేది కాదు.