వాల్ట్ అంకుల్ హెల్మెట్‌లో మా తులసమ్మ

మా చిన్నప్పుడు... దేశంకాని దేశంలో, పిస్కాటవే అనే ఊళ్లో మా ఇంటి తులసికోట, యుద్ధనౌకలో వాడిన ఒక ఉక్కు హెల్మెట్. నవ్వకండి, నిజంగానే.

పక్కింటివాళ్లు పాత సామాన్లు అమ్మిన గరాజ్ సేల్‌లో దొరికింది అమ్మకి. బూడిదరంగు, మంచి లోతు, లోపల పట్టీలు లేవు. ఏదో పాతకాలం గిన్నె అనుకుంది. చలికాలం వస్తే తులసిని ఇంట్లోకి తేవాలి కదా... మట్టి కుండీ ఎత్తలేక ఏటా నడుం పట్టేసేది. ఇదైతే తేలిక. అడుగున గులకరాళ్లు పోసి, తులసిని నాటి, పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టింది. అడుగు గుండ్రం, నిలవదు... పాత చీరతో చుట్టకుదురు చేసి దానిమీద కూర్చోబెట్టింది.

నాన్న ఆఫీస్ నుంచి వచ్చి చూసి, "ఇది మిలటరీ హెల్మెట్" అన్నారు.

"అయితే ఏం? శుభ్రంగా తోమాను" అంది అమ్మ.

కొన్నాళ్లకి పక్కింటి వాల్ట్ అంకుల్ వచ్చారు. నేవీలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ఊళ్లో లేనప్పుడు వాళ్లావిడ తెలియక అమ్మేసిందట. ఓడలో టెలిఫోన్ పని ఆయనది... చెవులకి హెడ్‌ఫోన్స్ ఉన్నా పట్టాలని ఆ హెల్మెట్ అంత పెద్దగా చేశారట. తిరిగి ఇస్తారా అని అడుగుతూనే, మా పెరటివైపు చెక్క డెక్ మీద బొట్లు పెట్టుకుని కూర్చున్న దాన్ని చూశారు.

అమ్మ చిక్కులో పడింది. పూజలందుకుంటున్న తులసమ్మని పెకలించడమా? అందులోనూ శుక్రవారం... ఆ రోజు ఆకు కూడా తుంచదు మా అమ్మ. ఇవ్వనంటుందేమోనని నా భయం. అంకుల్ అంటే నాకు చాలా ఇష్టం మరి.

ఇంగ్లీషు అంతగా రాని అమ్మ నావైపు తిరిగి, "ఆయన మొహం చూడవే, పాపం. తులసమ్మతో సహా తీసుకెళ్లమను. రోజూ నేనే వచ్చి నీళ్లు పోస్తానని చెప్పు" అంది. చెప్పాను.

"ఎనీ టైమ్" అన్నారు అంకుల్.

చుట్టూ తిరిగే చోటు కావాలని కూడా నాచేత చెప్పించింది. దాంతో ఆయన వంటగది నడిమధ్యన స్టూల్ వేసి పెట్టారు. పొద్దున్నే అమ్మ తలకి టవల్ చుట్టుకుని, చెంబు పట్టుకుని వాళ్ల పెరటి గుమ్మంలోంచి వెళ్లేది. అమ్మ కోసం తలుపు గడియ తీసే ఉంచేవారు. అంకుల్ పేపర్ చదువుకునేవారు, అమ్మ ప్రదక్షిణలు చేసుకునేది. వాళ్లావిడ కాఫీ కోసం ఆ స్టూల్ చుట్టూ తిరగలేక విసుక్కునేది... "ఆవిడకీ పుణ్యమేలే" అని అమ్మ మురిసిపోయేది.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

ఇప్పుడు నాకూ ఇల్లుంది... బెల్ కొట్టినవాళ్ల మొహం ఫోన్‌లో చూసి కానీ తలుపు తీయను. పక్కింటివాళ్ల వంటగది ఎటువైపు ఉందో కూడా తెలియదు. మీ అమ్మ ఇలా చెప్పాపెట్టకుండా వెళ్లిపోయే పరాయి వంటగది ఏదైనా ఉండేదా? రాయండి... చదవాలనుంది.